పరిశోధన డేటాకు ఏ జియోకోడింగ్ సర్వీసు? ముందు లైసెన్సు చూడండి, తర్వాత కచ్చితత్వం

మీ దగ్గర కొన్ని వేల చిరునామాలున్న ఫైలు ఉంది. ఆసుపత్రికి వచ్చిన రోగులవి కావచ్చు, సర్వేలో జవాబులిచ్చిన ఇళ్లవి కావచ్చు, పాత రికార్డుల్లోంచి ఎక్కించిన బడులవి కావచ్చు. ప్రతి చిరునామాకూ అక్షాంశ రేఖాంశాలు కావాలి. చిరునామాను ఇలా అంకెలుగా మార్చడమే జియోకోడింగ్. ఆర్‌లోనో పైథాన్‌లోనో నాలుగు లైన్ల కోడు రాస్తే ఏదో ఒక ఆన్‌లైన్ సర్వీసు ఆ పని చేసిపెడుతుంది. అందుకే చాలామంది రెండే ప్రశ్నలు వేసుకుంటారు. ఏది కచ్చితంగా చూపిస్తుంది? ఏది ఉచితం?

ఆ రెండూ తర్వాత అడగొచ్చు. ముందు తేల్చుకోవాల్సింది, సర్వీసు ఇచ్చిన అంకెల్ని ఎన్నాళ్లు మన దగ్గర ఉంచుకోవచ్చు, ఎవరెవరికి ఇవ్వొచ్చు అన్నది. దీనికి జవాబు దొరికితే సగం సర్వీసులు జాబితాలోంచి వాటంతటవే తప్పుకుంటాయి. కచ్చితత్వం పోల్చుకోవాల్సింది మిగిలినవాటి మధ్యే.

వ్యాపార జియోకోడింగ్ సర్వీసులు యాప్‌ల కోసం పుట్టాయి. ఎవరో చిరునామా టైపు చేస్తారు, మ్యాపు మీద గుర్తు పడుతుంది, పని అయ్యాక ఆ అంకెతో ఎవరికీ అవసరం ఉండదు. షరతులన్నీ ఆ వాడుకను మనసులో పెట్టుకుని రాసినవే. పరిశోధకుల అవసరం దానికి పూర్తిగా ఎదురు. ఒక్కసారి అడుగుతారు, ఏళ్ల తరబడి దాస్తారు, విశ్లేషణలో మళ్లీ మళ్లీ వాడతారు, చివరికి ఇంకొకరు సరిచూసుకునేలా బయటపెట్టాలి. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ 2023 జనవరి 25 నుంచి అమలు చేస్తున్న విధానం ప్రకారం, దాని నిధులతో శాస్త్రీయ డేటా తయారుచేసేవాళ్లు ఆ డేటాను ఎలా భద్రపరుస్తారో, ఎలా పంచుతారో ముందే ప్రణాళిక రాసివ్వాలి. డేటా ఎక్కడ దొరుకుతుందో చెప్పమని అడిగే జర్నళ్లు కూడా తక్కువేమీ కాదు. ఒకపక్క డేటా పంచమనే జర్నల్, ఇంకోపక్క నెల తిరక్కుండా చెరిపెయ్యమనే సర్వీసు. ఈ రెండింటి మధ్య ఇరుక్కునేది చివరికి థీసిస్ రాసే విద్యార్థే. పేపరు అచ్చుకు వెళ్లే దశలో ఇది బయటపడితే మళ్లీ మొదటికి రావాలి. అందుకే దీన్ని మొదటిరోజే తేల్చుకోమని పట్టుబట్టి చెబుతున్నాను.

అక్షాంశం ఒక వాస్తవమే కదా, దానికి లైసెన్సేమిటి?

ఇది అర్థవంతమైన ప్రశ్నే. ఉత్త వాస్తవాలకు కాపీరైట్ లేదు. అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఫైస్ట్ కేసులో, టెలిఫోన్ డైరెక్టరీలో అక్షరక్రమంలో పేర్చిన పేర్లు, ఊళ్లు, నంబర్లకు కాపీరైట్ వర్తించదని తీర్పిచ్చింది. ఆ లెక్కన ఒక భవనం ఎక్కడుందో చెప్పే రెండు అంకెలు ఎవరి సొత్తూ కావు.

కానీ అంతటితో అయిపోలేదు. ఐరోపా సమాఖ్యలో 1996 నాటి డేటాబేస్ డైరెక్టివ్ ఉంది. గట్టి పెట్టుబడి పెట్టి డేటాబేస్ కూర్చినవాళ్లకు అది 15 ఏళ్ల ప్రత్యేక హక్కు ఇస్తుంది. విడి అంకె మీద కాదు, మొత్తాన్నో అందులో పెద్ద భాగాన్నో తోడుకోవడం మీద ఆ హక్కు. దీన్నీ పక్కన పెట్టినా, ఏపీఐ (మన ప్రోగ్రాం సర్వీసును నేరుగా అడిగే దారి) వాడడానికి కీ తీసుకున్న రోజున మీరు షరతులకు ఒప్పుకున్నారు. అది ఒప్పందం. కాపీరైట్ లేని అంకెనైనా సరే, ఫలానా విధంగానే వాడతానని ఒప్పుకున్నాక ఆ ఒప్పందం మిమ్మల్ని కట్టేస్తుంది. కాబట్టి జియోకోడింగ్‌లో మనకు తగిలే అడ్డు చాలావరకు కాపీరైట్ చట్టం కాదు, సర్వీసు షరతుల పత్రం. దాన్ని చదవకుండా సర్వీసును ఎంచుకోలేం.

గూగుల్: కచ్చితత్వం బాగుంటుంది, అంకెలు మాత్రం మీవి కావు

అందరి చెయ్యీ ముందు వెళ్లేది గూగుల్ వైపే. చెదురుమదురుగా రాసిన చిరునామాల్ని కూడా అర్థం చేసుకోవడంలో దాని బలం నిజమైనది, అది ఒప్పుకోవాలి. అయితే గూగుల్ మ్యాప్స్ ప్లాట్‌ఫామ్ షరతుల్లో పరిశోధకులు చూడాల్సినవి మూడున్నాయి.

మొదటిది నిల్వ. జియోకోడింగ్ ఏపీఐ ఇచ్చిన అక్షాంశ రేఖాంశాల్ని వరుసగా 30 రోజుల వరకే తాత్కాలికంగా దాచుకోవచ్చు, ఆ తర్వాత తొలగించాలి. అద్దెకు తెచ్చుకున్నట్టే అనుకోండి, గడువు తీరితే అప్పగించాలి. అయిదేళ్లు సాగే అధ్యయనానికి 30 రోజుల గడువు ఏ మూలకూ చాలదు.

రెండోది మ్యాపు. గూగుల్ ఇచ్చిన ఫలితాల్ని గూగుల్‌ది కాని మ్యాపుతో కలిపి వాడకూడదు. ఇక్కడ ఎంతమంది తడబడతారో చెప్పలేను. గూగుల్‌తో జియోకోడ్ చేసి, లీఫ్‌లెట్ అనే మ్యాపు సాధనంలో, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పొర మీద చుక్కలు పెట్టి, ఆ బొమ్మను పేపర్లో వేస్తారు. బొమ్మ అందంగానే ఉంటుంది, షరతు మాత్రం ఆ బొమ్మతోనే తప్పినట్టు.

మూడోది కొత్త డేటా తయారీ. గూగుల్ మ్యాప్స్ సమాచారం ఆధారంగా వేరే కంటెంట్ తయారుచేయడాన్ని షరతులు నిషేధిస్తాయి. ఏపీఐ వాడకుండా తెర మీద మ్యాపు తెరిచి, ఒక్కో ఇంటి మీదా నొక్కి అంకెలు చేత్తో ఫైల్లోకి ఎక్కించుకుంటే ఇబ్బంది ఉండదనుకునేవాళ్లూ ఉన్నారు. అలా కుదరదు. పద్ధతి మారినా మూలం గూగులే. ఆ అంకెల్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించడం ఇంకా పొరపాటు. అక్కడివాళ్లు అలాంటి డేటాను ఒప్పుకోరు, తెలిస్తే తీసేస్తారు.

ఒక మినహాయింపు ఉంది. ప్రతి ఫలితంతో పాటు గూగుల్ ప్లేస్ ఐడీ అనే గుర్తు ఇస్తుంది. దాన్ని ఎంతకాలమైనా దాచుకోవచ్చు. చిరునామా పక్కన ప్లేస్ ఐడీ మాత్రం ఉంచి, కావలసినప్పుడు మళ్లీ అడిగి అంకెలు తెచ్చుకోవచ్చన్నమాట. యాప్‌లకు ఇది మంచి దారి. పరిశోధనకు అంతగా పనికిరాదు. ప్లేస్ ఐడీలు కూడా కాలం గడిచేకొద్దీ చెల్లకుండా పోవచ్చు, అందుకే 12 నెలలు దాటినవాటిని తాజా చేసుకోమని గూగులే సలహా ఇస్తుంది. పైగా రెండేళ్ల తర్వాత అదే ఐడీతో అడిగితే చుక్క కాస్త జరిగి ఉండొచ్చు. ఫలితాలు మళ్లీ అలాగే రావాలనుకునే పనికి ఇది చేటు.

ఉచిత పరిమితి మీద కూడా లెక్కలు కట్టుకోవద్దు. ఒకప్పుడు కీ లేకుండానే రోజుకు 2,500 చిరునామాలు అడగగలిగేవాళ్లం. 2018లో బిల్లింగ్ ఖాతా తప్పనిసరి అయింది. ఆర్‌లో జీజీమ్యాప్ ప్యాకేజీతో రాసుకున్న పాత స్క్రిప్టులు ఎన్నో ఆ మార్పుతో ఆగిపోయాయి. 2025 మార్చిలో లెక్క మళ్లీ మారింది. నెలనెలా ఇచ్చే క్రెడిట్ పోయి, ఒక్కో ఏపీఐకి విడివిడిగా ఉచిత పరిమితులు వచ్చాయి.

అలాగని గూగుల్‌ను అసలు తాకొద్దని కాదు. నెలలోపు ముగిసే పని, అంకెలు బయటికి ఇవ్వనక్కర్లేని పని, గూగుల్ మ్యాపు మీదే చూపించే పని ఉంటే నిశ్చింతగా వాడుకోండి. సర్వే బృందం ఏ వీధికి ముందు వెళ్లాలో తేల్చుకోవడం లాంటివి ఈ కోవలోకి వస్తాయి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, నామినాటిమ్: ఉంచుకోవచ్చు, పంచుకోవచ్చు, కొన్ని మర్యాదలున్నాయి

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా 2012 సెప్టెంబరు నుంచి ఓడీబీఎల్ అనే బహిరంగ డేటాబేస్ లైసెన్సు కింద ఉంది. దాని మీద పనిచేసే జియోకోడర్లలో ముందు చెప్పుకోవాల్సింది నామినాటిమ్. ఒక చిరునామా పంపి, వెనక్కి జేసన్ రూపంలో వచ్చిన జవాబును తెరిచి చూడండి. అక్షాంశం, రేఖాంశం, చిరునామా పూర్తి రూపం ఉంటాయి. ఏ వస్తువు ఆధారంగా ఆ చుక్క వచ్చిందో చెప్పే ఓఎస్ఎం ఐడీ ఉంటుంది. వీటితో పాటు 'లైసెన్స్' అనే గడి కూడా ఉంటుంది, డేటా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్లదని, ఓడీబీఎల్ 1.0 వర్తిస్తుందని అందులోనే రాసి ఉంటుంది. చాలామంది కోడు ఆ గడిని పారేసి రెండు అంకెలే ఉంచుకుంటుంది. పారేయకండి. ఆ ఒక్క లైను వెంట ఉంటే, ఈ అంకెలు ఎక్కడివని మూడేళ్ల తర్వాత ఎవరైనా అడిగినప్పుడు జవాబు ఫైల్లోనే దొరుకుతుంది.

ఓడీబీఎల్ పేరు వినగానే పరిశోధకులు భయపడేది ఒక్క విషయానికే. ఈ లైసెన్సులో 'అదే లైసెన్సుతో పంచాలి' అనే నిబంధన ఉంది కదా, అలాగైతే నా రోగుల డేటా మొత్తం బహిరంగం చెయ్యాలా అని. చెయ్యనక్కర్లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్ జియోకోడింగ్ గురించి విడిగా ఒక మార్గదర్శకం ఇచ్చింది. జియోకోడ్ చేసిన చిరునామాల పక్కన మీరు పెట్టుకున్న ఇతర వివరాలకు, అంటే రోగం, వయసు, ఆదాయం లాంటివాటికి, ఆ నిబంధన అంటుకోదని అందులో స్పష్టంగా ఉంది. విడివిడి ఫలితాల్ని అది పెద్ద భాగంగా లెక్కించదు. ఫలితాలన్నీ పోగేసి, అందరూ వాడుకునే సాధారణ చిరునామాల డేటాబేసుగా మార్చినప్పుడే ఓడీబీఎల్ పూర్తిగా వర్తిస్తుంది. సొంత విశ్లేషణకు మీ దగ్గరే వాడుకుంటూ బయటపెట్టకపోతే పంచే బాధ్యత అసలే రాదు. మీరు తప్పక చెయ్యాల్సింది మూలం పేరు చెప్పడం.

లైసెన్సు వేరు, ఉచిత సర్వరు వాడే నియమాలు వేరు. ఈ రెండూ కలగాపులగం చేస్తే చిక్కులొస్తాయి. ఫౌండేషన్ నడిపే నామినాటిమ్ సర్వరు విరాళాల మీద నడుస్తుంది. సెకనుకు ఒక్క అభ్యర్థన మించకూడదు. మీ ప్రోగ్రాం ఏదో తెలిసేలా యూజర్ ఏజెంట్ పంపాలి. టైపు చేస్తుండగానే పేర్లు సూచించే ఆటోకంప్లీట్‌కు వాడకూడదు. ఒకే యంత్రం నుంచి, ఒకే థ్రెడ్‌తో పంపాలి. వచ్చిన ఫలితాల్ని మీ దగ్గరే దాచుకోవాలి, ఒకే ప్రశ్నను పదే పదే అడిగితే లోపమున్న ప్రోగ్రాంగా భావించి ఆపేయవచ్చు. ఒక సర్వీసు చెరిపెయ్యమంటుంటే, ఇంకోటి తప్పకుండా దాచుకోమంటోంది. ఈ ఒక్క తేడా చాలు ఎటువైపు మొగ్గాలో చెప్పడానికి.

లెక్క వేసుకుందాం. సెకనుకు ఒకటి చొప్పున 3,000 చిరునామాలకు 50 నిమిషాలు. 40,000కు 11 గంటల పైనే. ఒక్కసారి చేసే చిన్న పనులకు సర్దుకుంటారు గానీ, పెద్ద మొత్తాల్ని ఆ సర్వరు మీద వెయ్యడాన్ని వాళ్ల విధానం ప్రోత్సహించదు. లక్షల్లో ఉంటే ఆ సర్వరును వదిలిపెట్టి, కింద చెప్పే దారుల్లో ఒకటి చూసుకోవడం న్యాయం. పైథాన్ జియోపై ప్యాకేజీలో అభ్యర్థనల వేగాన్ని అదుపులో ఉంచే రేట్ లిమిటర్ అనే సౌకర్యం ఉంది, వాడండి. ప్యాకేజీలో మొదటే ఉండే యూజర్ ఏజెంట్ పేరును అలాగే వదిలేయకుండా మీ ప్రాజెక్టు పేరు పెట్టండి.

కచ్చితత్వం సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. ఎక్కడ కంట్రిబ్యూటర్లు ఇంటి నంబర్ల దాకా ఎక్కించారో అక్కడ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అద్భుతంగా ఉంటుంది. లేనిచోట వీధి మధ్యకో, ఊరి మధ్యకో చుక్క పడుతుంది. అందుకే మొత్తం ఫైలు నడిపే ముందు ఓ వంద చిరునామాలు తీసి నడిపి, ఎన్ని ఇంటి స్థాయిలో దొరికాయో, ఎన్ని ఊరి స్థాయిలో ఆగాయో చూసుకోవాలి.

డబ్బు కట్టి నిల్వ హక్కు తీసుకోవడం

కొన్ని వ్యాపార సర్వీసులు నిల్వను విడి సరుకుగా అమ్ముతాయి. మ్యాప్‌బాక్స్‌లో తాత్కాలిక జియోకోడింగ్, శాశ్వత జియోకోడింగ్ అని రెండున్నాయి. తాత్కాలికంలో ఫలితాలు దాచుకోకూడదు, ఉదారమైన ఉచిత పరిమితి దానికే. అభ్యర్థనలో శాశ్వతం అని విడిగా అడిగితేనే నిల్వ హక్కు, దాని రేటు వేరు. మ్యాపు సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్రీ వారి ఆర్క్‌జీఐఎస్ వరల్డ్ జియోకోడింగ్ సర్వీసులో 'ఫర్ స్టోరేజ్' అనే పరామితి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తేనే ఫలితం దాచుకునే హక్కు, దానికి వెయ్యి చిరునామాలకు 40 క్రెడిట్ల చొప్పున ఖర్చవుతుంది. విశ్వవిద్యాలయాలకు ఎస్రీ క్యాంపస్ లైసెన్సు ఉండడం మామూలే, క్రెడిట్లు అందులోనే రావచ్చు. మీ జీఐఎస్ ల్యాబునో లైబ్రరీనో ఒకసారి అడగండి, చేతిలో ఉన్నదాన్ని వదిలి బయట డబ్బు కట్టాల్సిన పని తప్పుతుంది.

ఈ రెండింటిలోనూ ఉచ్చు ఒకే చోట ఉంది. దాచుకునేదీ, దాచుకోనిదీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. అదే చిరునామా, అవే అంకెలు, తేడా అంతా అభ్యర్థనలో చేర్చిన ఒక్క మాటలో. ఆ మాట లేకుండా నడిపిన ఫైలును చూసి తర్వాత ఎవరూ పోల్చుకోలేరు. అందుకే నడిపిన స్క్రిప్టును కూడా డేటాతో కలిపి భద్రపరచాలి. ఇంకొకటి, దాచుకునే హక్కు ఉందంటే ప్రచురించే హక్కు కూడా ఉన్నట్టు కాదు. ఒప్పందంలో ఆ రెండూ వేర్వేరు వాక్యాల్లో ఉంటాయి, రెండూ చూడాలి.

ఓపెన్‌కేజ్ లాంటివి మధ్యస్తంగా ఉంటాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, మరికొన్ని బహిరంగ డేటాల మీద నడిచే సర్వీసది, ఫలితాల్ని ఎంతకాలమైనా ఉంచుకోనిస్తుంది. మన ప్రశ్నను లాగుల్లో రాసుకోవద్దని చెప్పే సౌకర్యం కూడా ఉంది. సొంత సర్వరు నడపలేనివాళ్లకు, పని మాత్రం వేలల్లో ఉన్నవాళ్లకు నేను ముందు చూపించేది ఇలాంటి సర్వీసునే. అమెరికా, కెనడా చిరునామాలైతే జియోకోడియో కూడా నిల్వకు అభ్యంతరం పెట్టదు.

ప్రభుత్వ జియోకోడర్లు

మీ చిరునామాలు ఒకే దేశానివైతే ఆ దేశ ప్రభుత్వం ఏం ఇస్తుందో చూడకుండా ముందుకు వెళ్లకండి. అమెరికా సెన్సస్ బ్యూరో జియోకోడర్‌కు కీ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, ఒక్కో ఫైలులో 10,000 చిరునామాల దాకా పంపవచ్చు. దాని వెనకున్న టైగర్ డేటా పబ్లిక్ డొమైన్‌లోది. చుక్కతో పాటు సెన్సస్ ట్రాక్ట్, బ్లాక్ (జనాభా లెక్కల కోసం గీసిన చిన్న ప్రాంతాలు) కూడా చెబుతుంది, జనాభా గణాంకాలతో కలపాలనుకునేవాళ్లకు ఇది పెద్ద వరం. లోపమేమిటంటే ఇది అంచనా మీద నడుస్తుంది. వీధి ఒకపక్క 100 నుంచి 198 దాకా నంబర్లున్నాయని దానికి తెలిస్తే, 150ని దాదాపు ఆ ముక్క మధ్యలో పెడుతుంది. నిజంగా ఆ ఇల్లు మలుపు దగ్గరే ఉండవచ్చు. ట్రాక్ట్ స్థాయి విశ్లేషణకు ఇది సమస్య కాదు. రోడ్డు పక్క కాలుష్యం మీటర్లలో కొలిచే అధ్యయనానికి సమస్యే.

ఫ్రాన్స్‌లో జాతీయ చిరునామాల డేటాబేసు, ఆస్ట్రేలియాలో 2016 నుంచి బహిరంగమైన చిరునామాల డేటా జీ-నాఫ్, బ్రిటన్‌లో పోస్ట్‌కోడ్ స్థాయికి ఆర్డ్‌నెన్స్ సర్వే వారి కోడ్-పాయింట్ ఓపెన్ ఉన్నాయి. ఇలాంటివి ఉన్నచోట వాణిజ్య సర్వీసు జోలికి వెళ్లే అవసరం చాలా తక్కువ.

ఇంటి స్థాయి అక్కర్లేక ఊరి పేరు వరకే చుక్క కావాలంటే జియోనేమ్స్ సరిపోతుంది. సీసీ బై 4.0 లైసెన్సు, పేరు చెబితే చాలు. డేటా మొత్తాన్ని దించుకుని సొంతంగా సరిపోల్చుకోవచ్చు కూడా.

సొంత సర్వరు

రోగుల చిరునామాలతో పనిచేసేవాళ్లకు నా మొదటి సలహా ఇదే. ఎందుకంటే అక్కడ లైసెన్సు కన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది, అసలు ఆ చిరునామాల్ని బయటి సర్వరుకు పంపవచ్చా అని. పేర్లు తీసేసి చిరునామాలే పంపినా, పంపింది క్యాన్సర్ రిజిస్ట్రీ ఖాతా అయితే ఆ ఇంట్లో ఎవరికో క్యాన్సర్ ఉందని చెప్పినట్టే. అమెరికాలో రోగుల సమాచార గోప్యతను కాపాడే హిపా నియమాల్లో వీధి చిరునామా వ్యక్తిని గుర్తుపట్టించే వివరం కిందికే వస్తుంది. ఎథిక్స్ కమిటీకి రాసిచ్చిన పత్రంలో డేటా సంస్థ దాటదని ఉంటే, ఒక్క ఏపీఐ కాల్ కూడా ఆ మాట తప్పడమే అవుతుంది.

నామినాటిమ్‌ను మన యంత్రం మీదే పెట్టుకోవచ్చు. ప్రపంచం మొత్తం కావాలంటే 128 జీబీ ర్యామ్, కనీసం 1 టీబీ డిస్కు దాకా అడుగుతుంది. కానీ ఒక్క దేశమో రాష్ట్రమో చాలనుకుంటే జియోఫాబ్రిక్ అనే సైటు నుంచి ఆ ముక్క దించుకుని, డాకర్‌లో (ప్రోగ్రాంను దానికి కావలసినవన్నీ కలిపి ఒకే కట్టగా నడిపే సాధనం) పెట్టి మామూలు వర్క్‌స్టేషన్ మీద నడపవచ్చు. ఫోటాన్, పీలియాస్ కూడా ఇదే తరహావి. అమెరికా ఆరోగ్య డేటాకైతే డీగాస్ అనే డాకర్ ఆధారిత సాధనం ఉంది, ఇంటర్నెట్‌కు చిరునామా పంపకుండానే మొత్తం పని ముగిస్తుంది. వేగానికి పరిమితి లేదు, గడువు లేదు. ఏ తేదీ నాటి డేటా వాడారో ఆ ఫైలును అలాగే భద్రపరిస్తే, అయిదేళ్ల తర్వాత కూడా అవే అంకెలు తెప్పించవచ్చు. ఆన్‌లైన్ సర్వీసు ఏదీ ఈ హామీ ఇవ్వలేదు.

పీలియాస్ కథ ఇక్కడ చెప్పదగింది. మ్యాప్‌జెన్ అనే కంపెనీలో అది మొదలైంది. 2018 మొదట్లో ఆ కంపెనీ మూతపడి, దాని ఆన్‌లైన్ సర్వీసు ఆగిపోయింది. కోడు బహిరంగం కాబట్టి పీలియాస్ మాత్రం బతికే ఉంది. బింగ్ మ్యాప్స్ ఉచిత ఖాతాల్ని మైక్రోసాఫ్ట్ 2025 జూన్ చివరితో ఆపేసింది. దీర్ఘకాలం సాగే అధ్యయనాన్ని ఒక కంపెనీ సర్వీసు మీద కట్టేముందు ఈ రెండూ గుర్తుంచుకోవాలి.

దొరకని చిరునామాల దగ్గరే అసలు ప్రమాదం

బహిరంగ జియోకోడర్‌తో మొదలుపెడతారు. వందకు తొంభై దొరుకుతాయి. మిగిలిన పదింటిని గూగుల్‌కు పంపి ఖాళీలు నింపేస్తారు. ఆర్‌లో టైడీజియోకోడర్‌లాంటి ప్యాకేజీలు ఒకదాంట్లో దొరకనివి ఇంకోదానికి పంపే పనిని ఒక్క ఫంక్షన్‌తో చేసిపెడతాయి కాబట్టి ఇది తెలియకుండానే జరిగిపోతుంది. ఇప్పుడు ఆ ఫైల్లో తొంభై వరుసలు ఎవరికైనా ఇవ్వొచ్చు, పది వరుసలు నెలలో చెరిపెయ్యాలి. ఏవి ఏవో చెప్పే గడి లేకపోతే మొత్తం ఫైలు చేతికి పనికిరాకుండా పోతుంది.

కాబట్టి ఏ సర్వీసు వాడినా ప్రతి వరుసలోనూ అక్షాంశ రేఖాంశాల పక్కన నాలుగు గడులు ఉంచండి: సర్వీసు పేరు, నడిపిన తేదీ, లైసెన్సు, దొరికిన స్థాయి. చివరిదాన్ని కొంచెం వివరిస్తాను. గూగుల్ ఫలితంలో చుక్క ఇంటి కప్పు మీదుందా, వీధిలో అంచనా వేసిందా, ఒక ప్రాంతం మధ్యదా, ఉజ్జాయింపా అనేది నాలుగు మాటల్లో వస్తుంది. సెన్సస్ జియోకోడర్‌లో బెంచ్‌మార్క్, వింటేజ్ అని ఏ కాలపు డేటా వాడారో చెప్పే పేర్లుంటాయి. వీటిని ఉంచకపోతే, ఊరి మధ్యలో ఒకే చుక్క మీద రెండు వందల ఇళ్లు పోగుపడినా, అక్కడేదో వ్యాధి గుంపుగా ఉందని మీరే నమ్మేసే ప్రమాదం ఉంది.

దొరకని పదింటికి మంచి దారి, ముందు చిరునామా రాతను శుభ్రం చేసి మళ్లీ నడపడం. పిన్‌కోడ్ అంకె తప్పినవి, అపార్ట్‌మెంట్ నంబరు వీధి నంబరుతో కలిసిపోయినవి చాలావరకు అక్కడే తేలిపోతాయి. ఆ తర్వాతా మిగిలితే వాటిని ఊరి స్థాయి చుక్కతోనే ఉంచి, స్థాయి గడిలో అలాగే రాసి, అవి ఉంటే ఫలితం ఎలా ఉంది, తీసేస్తే ఎలా ఉందని రెండు విధాలా విశ్లేషించడం మేలు.

ప్రచురించేటప్పుడు

గోప్యత కోసం అంకెల్ని కుదించడం మామూలే. అక్షాంశంలో దశాంశం తర్వాత మూడు అంకెలుంచితే సుమారు 110 మీటర్లు, రెండు ఉంచితే సుమారు 1.1 కిలోమీటర్ల మేర స్థానం మసకబారుతుంది. పల్లెల్లో ఇళ్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి 110 మీటర్లలో ఒక్క ఇల్లే ఉండే అవకాశం ఎక్కువ. జనసాంద్రతను బట్టి నిర్ణయించుకోండి. అయితే కుదించినంత మాత్రాన లైసెన్సు బంధం తెగిపోతుందని అనుకోవద్దు. మూలం గూగుల్ అయితే కుదించిన అంకె కూడా అందులోంచి పుట్టిందే. లైసెన్సు వేరు, గోప్యత వేరు. ఓడీబీఎల్ పంచమన్నా ఎథిక్స్ కమిటీ వద్దంటే పంచకూడదు, కమిటీ సరేనన్నా సర్వీసు షరతు కాదంటే పంచకూడదు.

అంకెల నుంచి లెక్కగట్టిన దూరాలు, సగటుల్ని ప్రచురించవచ్చా అన్న సందేహం వాణిజ్య సర్వీసు వాడినప్పుడు తప్పక వస్తుంది. షరతుల్లోని మాటలు అక్కడ చాలా విశాలంగా ఉంటాయి, సొంత అర్థం చెప్పుకోవద్దు. సంస్థలో ఒప్పందాలు చూసే కార్యాలయం ద్వారా సర్వీసు వాళ్లను ఈమెయిల్‌లో అడిగి, జవాబును ప్రాజెక్టు ఫైల్లో పెట్టుకోండి. మాకు అక్షాంశాలు కావాలని కాకుండా, ఫలానా 5,000 చిరునామాల ఫలితాల్ని ఇన్నేళ్లు దాచి, ఈ రిపాజిటరీలో ఈ రూపంలో పెట్టాలనుకుంటున్నామని రాయండి. అడిగింది నిర్దిష్టంగా ఉంటే జవాబూ నిర్దిష్టంగా వస్తుంది.

ఇప్పటికే చేసేసి ఉంటే

నిల్వ హక్కు లేని సర్వీసుతో జియోకోడ్ చేసిన ఫైలు మీ దగ్గర నెలలుగా ఉంటే, అసలు చిరునామాలు ఎటూ పోలేదు కదా, వాటిని బహిరంగ జియోకోడర్‌తో మళ్లీ నడపండి. పాత అంకెలున్న ఫైళ్లు, వాటి బ్యాకప్‌లు, తోటివారికి పంపిన కాపీలు తీసేయండి. రిపాజిటరీలో పెట్టేసి ఉంటే అక్కడి నిర్వాహకులకు చెప్పి పాత వెర్షన్‌ను మూసేయమని అడిగి, కొత్త అంకెలతో కొత్త వెర్షన్ పెట్టండి. తర్వాత విశ్లేషణ మొత్తం కొత్త చుక్కలతో మళ్లీ నడిపి, ప్రధాన ఫలితాలు నిలబడ్డాయా లేదా చూడండి. నిలబడితే ఆ సంగతి పద్ధతుల విభాగంలో రెండు వాక్యాల్లో రాయండి. మారితే ఎన్ని వరుసలు ఏ స్థాయిలో దొరికాయో తెలిపే పట్టికను దాని పక్కనే ఇవ్వండి, మార్పు జియోకోడర్ వల్ల వచ్చిందో కాదో చదివేవాళ్లు తేల్చుకోగలుగుతారు.